లూసర్న్‌లో గది తీసుకునే ముందు

చి. బుజ్జికి,

పెద్దమ్మ దీవెనలు. స్విట్జర్లాండ్ వెళ్లి లూసర్న్‌లో దిగడానికి నువ్వు పంపిన హోటళ్ల జాబితా చూశాను. ఊరి బయట చవగ్గా వస్తోందని అటే మొగ్గుతున్నావు. వద్దమ్మా. నాలుగు రాత్రులను మూడు చేసుకున్నా సరే, పాత ఊరి నడిబొడ్డునే ఉండు.

పొద్దెక్కితే లూసర్న్‌లో యాత్రికుల బస్సులు దిగుతాయి. కపెల్ వంతెన మీద ఒకరి భుజం ఒకరికి తగులుతుంది. అదే వంతెన తెల్లవారి ఆరింటికి ఖాళీగా ఉంటుంది. పక్క వీధిలో బస చేసినవాళ్లకే ఆ గంట దక్కుతుంది. 14వ శతాబ్దంలో కట్టిన కొయ్య వంతెన అది. నడుస్తుంటే చెక్కల చప్పుడు, కింద వడివడిగా పారే రాయిస్ నది. తల ఎత్తితే కప్పు కింద ముక్కోణపు పలకల మీద 17వ శతాబ్దపు బొమ్మలు. 1993 ఆగస్టులో అక్కడ మంటలు రేగి, వంతెనలో చాలా భాగం, బొమ్మల్లో ఎక్కువ కాలిపోయాయి. మరుసటి ఏడాదికే మళ్లీ కట్టారు. మాడిన పలకలు కొన్నింటిని మాత్రం అలాగే ఉంచారు. పగలు ఆ జనంలో నేను వాటిని గమనించనే లేదు. రెండో రోజు తెల్లవారి ఒంటరిగా నిలబడ్డప్పుడు కనిపించాయి. బొమ్మ ఉండాల్సిన చోట బొగ్గులా నల్లటి చెక్క. చాలాసేపు కదలలేకపోయాను.

ఇక గది సంగతి. పాత ఊళ్లో భవనాలు పాతవి. లిఫ్టు ఉందా, ఏసీ ఉందా అని ముందే రాసి అడుగు. జులైలో వెళ్తున్నావు కాబట్టి ఏసీ లేకపోతే కిటికీ తెరిచి పడుకోవాలి. అప్పుడు వీధిలో మాటలు, చర్చి గంటలు అన్నీ లోపలికే వస్తాయి. నీది తేలిక నిద్ర కదా, నదివైపు గది కోసం అదనంగా కట్టకుండా వెనకవైపు గది అడుగు. నదిని చూడటానికి నాలుగడుగులు వేస్తే చాలు.

జ్యూరిక్ విమానాశ్రయం నుంచి నేరుగా రైలుంది, గంటకు కొంచెం పైన పడుతుంది. స్టేషను నదికి ఇవతల, పాత ఊరు అవతల. నడిచే వెళ్లవచ్చు కానీ వీధుల్లో రాళ్లు పరిచి ఉంటాయి, పెద్ద పెట్టె చక్రాలు మొరాయిస్తాయి. చిన్న పెట్టె తీసుకెళ్లు. గది మధ్యాహ్నానికి గానీ ఇవ్వరు. పెట్టె వాళ్ల దగ్గర వదిలి తిరిగి రా. ఉన్నన్ని రోజులూ ఊళ్లో బస్సులు ఉచితంగా ఎక్కేందుకు బస చేసేవాళ్లకు ఒక కార్డు ఇస్తారు, అడిగి తీసుకో.

మన ఛార్జర్ల గుండ్రటి లావు పిన్నులు అక్కడి సాకెట్లో దూరవు. అడాప్టరు ఇక్కడే కొనుక్కో. ఆవకాయ గట్టిగా మూత బిగించి పెట్టుకో కానీ నెయ్యి పెట్టకు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు. నీళ్ల సీసాలు కొనకు, కుళాయి నీళ్లే తాగవచ్చు. ఆదివారం చాలా దుకాణాలు మూసేస్తారు, స్టేషనులోవి తెరిచి ఉంటాయి. మంగళవారం, శనివారం ఉదయం నది గట్టున సంత జరుగుతుంది, పండ్లు అక్కడ కొను.

సింహం శిల్పం దగ్గరికి సాయంత్రం వెళ్లు. 1792లో ప్యారిస్‌లో చనిపోయిన స్విస్ సైనికుల గుర్తుగా కొండరాతిలో చెక్కింది. దాని ముఖం చూస్తూ కాసేపు ఆగు.

ఊరి వెనక పాత కోటగోడ మీద తొమ్మిది బురుజులున్నాయి. వాటిలో జీట్ బురుజు గడియారం 1535 నాటిది. ఊళ్లోని మిగతా గడియారాలకంటే ఒక నిమిషం ముందు గంట కొట్టే హక్కు దానిది. నీ గది కిటికీ దగ్గర కూర్చుని ఒకసారి విను. మొదట ఒక్కటే మోగుతుంది, తర్వాత మిగతావన్నీ.

టికెట్లు తీసుకున్నాక ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ