గొలుసు కుదువ పెట్టి కటింగ్ మెషిన్ కొనాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. ఇంట్లోనే స్టిక్కర్లు ప్రింట్ చేసి అమ్మాలనుకుంటున్నాను. కటింగ్ మెషిన్ రూ.32,000, ఇంక్ ట్యాంక్ ప్రింటర్ రూ.16,000, లామినేటర్ రూ.4,000, సరుకు రూ.8,000 అన్నారు. మా పొదుపు మొత్తం రూ.45,000. మిగతా దానికి గొలుసు కుదువ పెట్టవచ్చా? 5 సెంటీమీటర్ల గుండ్రటి స్టిక్కర్లు ఏ4 షీటుకు 12 వస్తాయి, ఒక్కోటి రూ.6కు అడుగుతున్నారు. షీటు, ఇంకు, లామినేషన్ కలిపి రూ.34 పడుతోంది. నెలకు రూ.8,000 మిగిలితే చాలు.

జవాబు: గొలుసు జోలికి వెళ్లకండి. బంగారం అప్పుల్లో చాలావాటికి ఏడాది తిరిగేసరికి అసలు, వడ్డీ ఒకేసారి కట్టాలి. మీ గిరాకీ మాత్రం పెళ్లి ముహూర్తాలకు, బతుకమ్మ, దసరాకు పెరిగి ఆషాఢంలో పడిపోయే రకం.

షీటుకు రూ.72 వస్తుంది. పదింటిలో ఒకటి పాడైతే ఖర్చు రూ.34 కాస్తా రూ.38 అవుతుంది, మిగిలేది రూ.34. రూ.52,000 పరికరాలను మూడేళ్లకు పంచితే నెలకు రూ.1,450. బ్లేడు, మ్యాటు (కోసేటప్పుడు షీటును పట్టి ఉంచే జిగురు పలక), కరెంటుకు రూ.600 వేయండి. పెట్టుబడి తిరిగి రావడానికే నెలకు దాదాపు 60 షీట్లు అమ్మాలి. పైన రూ.8,000 మిగలాలంటే దాదాపు 296 షీట్లు, అంటే 3,550 స్టిక్కర్లు. పదింటిలో మూడు పాడైతే ఇదే ఆదాయానికి 430 షీట్లు అమ్మాలి. మెషిన్ ధర కన్నా మీ లాభాన్ని ఎక్కువగా తినేది ఈ వృథాయే.

కటింగ్ మెషిన్ షీటు మూలల్లోని నల్ల గుర్తులను సెన్సర్‌తో చదివి కత్తిరిస్తుంది. మెరిసే వినైల్ (ప్లాస్టిక్ స్టిక్కర్ షీటు) మీద, గ్లాసీ లామినేషన్ మీద వెలుగు తిరగ్గొట్టి గుర్తులు దొరకవు. గుర్తుల మీద మెరుపులేని పారదర్శక టేపు అంటించినా, మెరుపులేని (మ్యాట్) లామినేషన్ వాడినా సరిపోతుంది. ప్రింట్ సెట్టింగ్‌లో సైజు 100 శాతమే ఉండాలి. 'పేజీకి సరిపెట్టు' ఎంచుకుంటే బొమ్మ కొలత మారి కోత పక్కకు పోతుంది. బొమ్మ రంగును కోత గీత దాటి 2 మిల్లీమీటర్లు పెంచకపోతే అంచున తెల్లగీత కనిపిస్తుంది. బ్లేడు వినైల్‌ను మాత్రమే తెంపాలి, వెనుక కాగితం తెగకూడదు. కొత్త రకం షీటు వచ్చినప్పుడల్లా మూలలో చిన్న గుండ్రం కోసి చూడండి. మ్యాటు జిగురు తగ్గితే షీటు జరుగుతుంది. ఇంకు ఆరకముందే లామినేట్ చేస్తే బుడగలు లేస్తాయి. నీటిలో కరిగే డై ఇంకు అయితే లామినేషన్ లేకుండా తడి తగిలే సీసాలకు అసలు ఇవ్వకండి, రంగు కారుతుంది.

అందుకే ఇప్పుడు ప్రింటరు, లామినేటరు, రూ.4,000 సరుకు మాత్రమే కొనండి. రూ.24,000 అవుతుంది. మిగిలిన రూ.21,000 ఇంటి అత్యవసరాలకు బ్యాంకులోనే ఉండనివ్వండి. చతురస్రపు లేబుళ్లకు మెషిన్ అక్కర్లేదు, స్కేలు, కట్టరు చాలు. పచ్చళ్లు చేసేవారు, చీరల కొట్లు, రిటర్న్ గిఫ్టులు ఇచ్చేవారు అడిగేవి చాలావరకు ఇవే. సగం అడ్వాన్సు తీసుకోండి. ప్రింటుకు ముందు నమూనా వాట్సాప్‌లో పంపి 'సరే' అని రాయించుకోండి. అలా రాయించుకోకపోతే, ముఖ్యంగా పచ్చడి లేబుల్‌పై ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, బరువు, ఎంఆర్‌పీ తప్పుపడితే మళ్లీ ప్రింటు ఖర్చు మీదే. సినిమా హీరోలు, కార్టూన్ పాత్రల బొమ్మలు అనుమతి లేకుండా అమ్మకండి. వేయిస్తంభాల గుడి, కళాతోరణం మీరే గీసిన డిజైన్లయితే ఆ ఇబ్బంది లేదు.

వరుసగా మూడు నెలలు నెలకు 100 షీట్ల ఆర్డర్లు వస్తే అప్పుడు మెషిన్‌కు ముద్రా పథకంలో శిశు రుణం అడగండి. రూ.50,000 వరకు ఇచ్చే ఈ రుణానికి తాకట్టు ఉండదు. రూ.32,000కు 12 శాతం వడ్డీతో రెండేళ్లకు వాయిదా దాదాపు రూ.1,500. అది 45 షీట్ల లాభం. మీరు మెప్మా (పట్టణ మహిళా పొదుపు) సంఘంలో సభ్యులైతే, ఆ సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి రుణం కూడా అడిగి, రెండింటి వడ్డీ పోల్చండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఉచితం, దానికి ఎవరికీ రుసుము కట్టకండి. తెలంగాణలో ఏడాది అమ్మకాలు రూ.20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అవసరం లేదు. అయితే ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మితే ఈ మినహాయింపు వర్తించదు. ఆర్డర్లు ఆన్‌లైన్‌లో తీసుకునే ముందు ఇది సరిచూసుకోండి.