స్వింగ్ డాన్స్ క్లాసులో కొత్తగా చేరాలి. జోడీ లేకుండా వెళ్లొచ్చా? మొదట ఏం నేర్పుతారు?

వెళ్లొచ్చు. చాలా క్లాసుల్లో కొన్ని నిమిషాలకోసారి జోడీలు మారుస్తారు. మీరు తేల్చుకోవాల్సిందల్లా లీడ్‌గా నడిపిస్తారా, ఫాలోగా అనుసరిస్తారా అన్నదే. ఆడవాళ్లు లీడ్ చేయడం, మగవాళ్లు ఫాలో అవడం మామూలే.

స్వింగ్ అంటే ఒకే డాన్స్ కాదు, జాజ్ సంగీతానికి జోడీగా వేసే డాన్సుల కుటుంబం. అందులో బాగా పేరున్నది లిండీ హాప్. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో నల్లజాతి నర్తకుల మధ్య పుట్టింది. అక్కడే 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లో రాటుదేలింది.

మొదటి క్లాసులో ఎక్కువగా ఆరు లెక్కల (బీట్ల) అడుగు నేర్పుతారు. లీడ్ ఎడమకాలితో, ఫాలో కుడికాలితో మొదలుపెడతారు. ఒకటి-రెండు లెక్కల్లో మూడు చిన్న అడుగులు, అదే ట్రిపుల్ స్టెప్. మూడు-నాలుగుకి రెండోవైపు మళ్లీ అదే. ఐదుకి ఒక కాలు వెనక్కి, ఆరుకి బరువు తిరిగి ముందుకాలి మీదికి. పాట మాత్రం ఎనిమిది లెక్కల్లో నడుస్తుంది, కాబట్టి మీ 'ఒకటి' పాటలోని 'ఒకటి'తో ప్రతిసారీ కలవదు. అది మీ తప్పు కాదు.

అసలు తప్పు అడుగులు పెద్దవి వేయడం. పాట కాస్త వేగం పుంజుకోగానే వెనకబడిపోతారు. పాదం వెడల్పు దాటకుండా వేయండి, మోకాళ్లు కొద్దిగా వంచి ఉంచండి. వెనక్కి వేసిన కాలి మడమ మీద బరువంతా వాలిస్తే తిరిగి రావడానికి జోడీ చేయి లాగాల్సి వస్తుంది. భుజం నొప్పులు అక్కడే మొదలు. జోడీ చేయి పట్టుకునేటప్పుడు వేళ్లు కొక్కెంలా ఉంచితే చాలు, బొటనవేలితో బిగించొద్దు.

రబ్బరు అడుగున్న జిమ్ షూ నేలని పట్టేస్తుంది, తిరిగేటప్పుడు మోకాలు మెలిపడుతుంది. నున్నటి అడుగున్నవి వేసుకోండి. రెండో చొక్కా, చిన్న తువ్వాలు కూడా... చెమట మామూలుగా పట్టదు మరి!