మా ఆయన తుపాకీ కొంటానంటున్నారు

ప్రశ్న: మేం డాలస్ శివార్లలో ఉంటాం. పోయినేడు గ్రీన్‌కార్డు వచ్చింది. దీపావళి పార్టీకి వెళ్లిన రాత్రి మా వీధిలో ఒక తెలుగువాళ్లింట్లో దొంగలు పడి బంగారమంతా ఎత్తుకుపోయారు. అప్పట్నుంచి మా ఆయన తుపాకీ కొంటానంటున్నారు. ‘ఇక్కడ అందరికీ ఉంది, ఊళ్లో మా తాతకీ ఉండేది’ అంటారు. నాకేమో ఆ మాట వింటేనే వణుకు. రోజూ గొడవే. వీటికి తోడు మా పదిహేనేళ్ల బాబు మార్కులు తగ్గి, ఎప్పుడూ గది తలుపేసుకుని ఉంటున్నాడు. మా ఇద్దరిలో ఎవరిది రైటు?

జవాబు: అమ్మా, తుపాకీ గురించి అంత రాసి, బాబు గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు మాత్రం ఆ ముక్క దగ్గరే మనసు ఆగిపోయింది. అక్కడికి వస్తాను, ముందు మీవారి సంగతి చూద్దాం.

‘అందరికీ ఉంది’ అన్నది నిజం కాదు. 2023లో సర్వేలు చేసే ప్యూ రీసెర్చ్ సెంటర్ అడిగితే తమకు తుపాకీ ఉందన్న అమెరికన్లు 32 శాతమే. అయితే వాళ్లలో 72 శాతం మంది రక్షణ కోసమే ముఖ్యంగా పెట్టుకున్నామన్నారు కాబట్టి మీవారి భయం వింతదేం కాదు, దాన్ని ఎగతాళి చెయ్యకండి. జనం దగ్గర తుపాకులుంటే భద్రత పెరుగుతుందా, తగ్గుతుందా అని అదే సర్వేలో అడిగితే అటు 49 శాతం, ఇటు 49 శాతం. ఆ దేశమంతా కలిసి తేల్చుకోలేనిది మీ డైనింగ్ టేబుల్ దగ్గర తేలుతుందా! హక్కు విషయానికొస్తే, గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఆయన కొనుక్కోవచ్చు. (హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు ఇది చదివి దుకాణానికి బయల్దేరకండి. వేట లైసెన్సులాంటి కొద్ది మినహాయింపులు తప్ప, మీ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటమే ఫెడరల్ నేరం.)

ఇక తాతగారి తుపాకీ. మన దగ్గర దానికి లైసెన్సు కావాలి, గడువు తీరితే రెన్యువల్ చేయించుకోవాలి, ఎన్నికలొస్తే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యమంటారు. టెక్సస్‌లో కొనడానికి లైసెన్సు అక్కర్లేదు. దుకాణంలో ఫారం నింపి, నేరచరిత్రలాంటివి చూసే బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయితే చేతిలో పెడతారు. 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు దాటినవాళ్లు చాలామంది పర్మిట్ లేకుండానే బయటికీ పట్టుకెళ్లొచ్చు. అంటే తాతగారి మీద స్టేషన్ పెట్టిన కట్టుబాటంతా మీవారు తన మీద తానే పెట్టుకోవాలి. ఈ సంగతి ఆయనతో నెమ్మదిగా అనండి.

దొంగతనం సంగతి కూడా గుర్తు చెయ్యండి. ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ లేరు. అల్మరాలో తుపాకీ ఉన్నా ఏం చేసేది? నగలతో పాటు అదీ పోయేది. మనవాళ్లు ఏ దేశం వెళ్లినా బంగారం బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో దాస్తారని దొంగలకు ఎప్పుడో తెలిసిపోయింది. సోమవారం బ్యాంకుకెళ్లి లాకర్ తీసుకోండి. పక్కా అలారం పెట్టించండి. మీవారి టెన్షన్‌లో సగం అక్కడే దిగుతుంది.

ఇప్పుడు బాబు. 2021లో అమెరికాలో తుపాకీతో పోయిన ప్రాణాలు 48,830. అందులో 26,328 ఆత్మహత్యలు. దొంగ కాల్చినవి కావు, ఎక్కువ భాగం ఎవరి ప్రాణం వాళ్లు తీసుకున్నవి. క్షణికావేశంలో తుపాకీతో ప్రాణం తీసుకోబోయినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది బతకరు. మీ పిల్లాడికి అలాంటి ఆలోచన ఉందని నేననడం లేదు. మార్కులు తగ్గి, తలుపేసుకున్న పిల్లాడున్న ఇంట్లోకి ఇప్పుడు దాన్ని తేవద్దంటున్నాను, అంతే. మీవారితో ‘వద్దు’ అని వాదించకండి. ‘వాడు కుదుటపడేదాకా ఆగుదాం’ అనండి. ఏ తండ్రికైనా ఆ మాట తలకెక్కుతుంది.

అయినా తెస్తే, తూటాలు తీసేసి, గోడకో నేలకో బిగించిన ఇనప సేఫ్‌లో తాళం వెయ్యాలి. తూటాలు వేరే చోట తాళంలో. కోడ్ మాత్రం బాబు పుట్టినరోజు పెట్టకండి, నూటికి తొంభైమంది తండ్రులు అదే పెడతారని నా అనుమానం! అజాగ్రత్తవల్ల 17 ఏళ్ల లోపు పిల్లలకు లోడ్ చేసిన తుపాకీ అందితే టెక్సస్‌లో పెద్దవాళ్ల మీద కేసవుతుంది.

బాబుని ఈ వారమే పిల్లల డాక్టరుకి చూపించండి, స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగొచ్చు, అడిగితే లేని ఆలోచన పుట్టదు. వాడు ఔనన్నా, మీకు అనుమానమున్నా ఆ క్షణమే ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యండి.

ఇంకోటి. టెక్సస్‌లో పదిహేనేళ్లకే లెర్నర్ లైసెన్స్ ఇస్తారు కదా, అది చేయించి శనివారాలు డ్రైవింగ్ నేర్పే పని మీవారికి అప్పజెప్పండి. ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు విప్పని పిల్లలు, స్టీరింగ్ పట్టుకుని రోడ్డు చూస్తూ నాన్నతో ఏదో ఒకటి చెప్తారు. మీరు మాత్రం వెనక సీట్లో ఎక్కకండి.