బరోక్ వయొలిన్ వల్ల ఉద్యోగం పోతుందా?

ప్రశ్న: మా అమ్మాయి లండన్‌లో పాశ్చాత్య వయొలిన్ చదువుతోంది. ఇప్పుడు బరోక్ వయొలిన్ (17, 18 శతాబ్దాల నాటి పాతకాలపు వయొలిన్) కూడా నేర్చుకుంటానంటోంది. రెండు పడవల మీద కాళ్లు పెట్టి ఆర్కెస్ట్రా ఉద్యోగం పోగొట్టుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: టెన్షన్ దేనికమ్మా? ఆస్ట్రియా సంగీతకారుడు నికొలాస్ హార్నన్‌కూర్‌నే చూడండి. 1952 నుంచి 1969 దాకా వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాయించాడు. ఆ కొలువులో ఉండగానే, 1953లో, భార్య ఆలిస్‌తో కలిసి పాతకాలపు వాద్యాలతో ‘కాన్సెంటస్ మ్యూజికస్’ బృందం పెట్టాడు. జనం ముందుకొచ్చింది మాత్రం 1957లో. అన్నేళ్ల సాధన! తర్వాత ఆర్కెస్ట్రా కండక్టరయ్యాక, 2001లోనూ 2003లోనూ వియన్నా ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా నూతన సంవత్సర కచేరీలు నడిపించిందీ ఆయనే.

అసలు కష్టమంతా చేతుల్లోనూ చెవుల్లోనూ ఉంటుంది. బరోక్ వయొలిన్‌కి గడ్డం ఆన్చుకునే పట్టీ ఉండదు. తీగలు పేగుతో చేసినవి, గాలిలో చెమ్మ మారితే చాలు శ్రుతి జారుతుంది. శ్రుతి కూడా ఇప్పటి ఆర్కెస్ట్రాల 440 హెర్ట్జ్‌కి బదులు సాధారణంగా 415, అంటే దాదాపు అర స్వరం కింద. గాయకుడి శ్రుతికి తగ్గట్టు తీగలు సవరించుకునే మన కర్ణాటక వయొలినిస్టులకు ఇదో లెక్క కాదు గానీ, ఒకే శ్రుతికి అలవాటుపడ్డ చెవికి మొదట్లో చుక్కలు కనిపిస్తాయి.

అప్పుడే రెండో వయొలిన్ కొనకండి. ముందు బరోక్ బో (వయొలిన్ వాయించే కమాను) ఒకటి తీసుకుని, ఉన్న వయొలిన్ మీదే ఆ కాలపు స్వరకర్త బాఖ్ సంగీతం వాయించి చూడమనండి. ఆర్కెస్ట్రా ఆడిషన్లు దగ్గరపడితే మాత్రం ఆ బోని పక్కన పెట్టమనండి.