ఆరెన్‌బీ వీడియో తీస్తున్న మా కోడలు పిల్లకు

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్టోరీబోర్డు రెండుసార్లు చూశాను. మొదటిసారి షాపులో, ఒక పెళ్లి ఆల్బమ్ పని మధ్యలో. రాత్రి ఇంటికొచ్చాక నీ దోస్తు పాడిన ఆరెన్‌బీ (అమెరికా నల్లవాళ్ల ‘రిథమ్ అండ్ బ్లూస్’ తీరు) పాట హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని ఒక్కో పేజీ జరుపుతూ మళ్లీ చూశాను. పాట బాగుంది. ఆ పిల్లగాడి గొంతులో తొందర లేదు, అది పెద్ద ఆస్తి. 3 నిమిషాల 40 సెకన్ల పాటకు 52 షాట్లు రాశావు. నిదానం పాటకు కాస్త ఎక్కువే, అయినా ఎడిటింగ్‌లో తగ్గుతాయిలే. నేను ఆగిపోయింది మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో రాసిన మాట దగ్గర: ‘ఆరెన్‌బీ రూల్స్ అన్నీ బ్రేక్ చేస్తున్నాం.’

అన్నీ ఎందుకమ్మా?

నేను పెళ్లిళ్లు తీయడం మొదలుపెట్టిన కొత్తలో, అంటే క్యాసెట్లు పోయి సీడీలు వస్తున్న రోజుల్లో, మిక్సింగ్‌కు ఒక పద్ధతి ఉండేది. గులాబీ విచ్చుకుంటుంది, దాంట్లోంచి పెళ్లికొడుకు మొహం వస్తుంది. పక్కన ఇంకో గులాబీ, దాంట్లో పెళ్లికూతురు. నాకు అది చూస్తే ఒళ్లు మండేది. హసన్‌పర్తి దిక్కు ఒక పెళ్లికి ఆ పువ్వులన్నీ పీకేసి, శుభ్రంగా కట్ చేసి ఇచ్చాను. అప్పటిదాకా నేను చేసిన వాటిలో అదే మంచి పని అనుకున్నాను. నాలుగో రోజు పెళ్లికూతురి తండ్రి సీడీ పట్టుకుని షాపుకొచ్చాడు. ‘తమ్మీ, మా బిడ్డ పెండ్లి సీడీల పువ్వులు లేవేంది? పైసలు తక్కువిచ్చిన్నా?’ అన్నాడు. కోపం కూడా లేదు, చిన్నబుచ్చుకున్నాడు. ఊళ్లో అందరి సీడీల్లో ఉన్న పువ్వు తన బిడ్డ సీడీలో లేదు. మాట్లాడకుండా కూర్చుని పువ్వులు పెట్టి ఇచ్చాను.

నిన్ను కూడా పువ్వులు పెట్టమనడం లేదు. ఏ పువ్వు ఎందుకుందో తెలుసుకుని, ఆ తర్వాత పీకమంటున్నాను.

ఆరెన్‌బీ నా పని కాదు, నిజమే. కానీ కేబుల్ టీవీ వచ్చిన రోజుల్లో మీ అమ్మా నేనూ మ్యూజిక్ చానళ్ల ముందు నుంచి లేచేవాళ్లం కాదు. చేపకన్ను లెన్సుతో మొహాలు ఉబ్బినట్టు తీసే హైప్ విలియమ్స్ అనే దర్శకుడి వీడియోలు చూసి, మన టీవీయే పాడైందని మీ తాతయ్య దాన్ని రెండు దెబ్బలు కొట్టేవాడు. తర్వాత చదువుకుంటే తెలిసింది, ‘రిథమ్ అండ్ బ్లూస్’ అనే పేరును 1949లో బిల్‌బోర్డ్ పత్రిక తన చార్టుకు పెట్టిందని. అంతకుముందు ఆ చార్టు పేరు ‘రేస్ రికార్డ్స్’. నల్లవాళ్ల పాటలన్నిటినీ ఒక పక్కకు నెట్టిన గంప అన్నమాట.

ఆ పాటల వీడియోల్లో కనిపించే సరుకంతా చాలావరకు పాట వినిపించే తీరు నుంచే వచ్చింది. మన జానపదం డప్పు మీద నడుస్తుంది. నలుగురూ చేరే పాట కాబట్టి కెమెరా వెనక్కి పోయి పొలం, ఊరు, గుంపు మొత్తం చూపిస్తుంది. నీ పాట నిమిషానికి 72 బీట్లు, లెక్కపెట్టాను. పాడేవాడు ఒక్క అక్షరాన్ని పట్టుకుని ఐదారు స్వరాల మీద జారుస్తున్నాడు, మన దగ్గర గమకం అన్నట్టు. అది చెవి పక్కన చెప్పే మాట. ఆ జారుడు కనపడాలంటే కెమెరా పెదవి దాకా, గొంతు నరం దాకా పోవాలి. అందుకే అన్ని క్లోజప్‌లు. పగలు ఎవరూ చెప్పుకోని మాటలు కాబట్టే రాత్రి, గది, అద్దం మీద వాన, ఒక పక్కనుంచే పడే లైటు. స్లో మోషన్ కూడా అంతే, బీటుకూ బీటుకూ మధ్య ఉన్న ఖాళీని నింపడానికి.

ఇప్పుడు నువ్వు తీసేసినవి చూడు. రాత్రి తీసేసి పట్టపగలు ఎనుమాముల మిర్చి యార్డులో పెట్టావు. పాటకు పెదవులు కలిపే లిప్‌సింక్ లేదు. క్లోజప్ లేదు, సగం డ్రోన్. సౌండు మ్యూట్ చేసి చూస్తే ఎవరైనా మిర్చి ధరల వార్త అనుకుంటారు. ఆ ఘాటులో నీ దోస్తు నోరు తెరిస్తే పాట రాదు, దగ్గు వస్తుంది, అది వేరే సంగతి. ఆరెన్‌బీ అని తెలియజేసే గుర్తు ఒక్కటైనా మిగలకపోతే, నువ్వు దేన్ని కాదన్నావో చూసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

ఇంతకీ నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది 14 నుంచి 20 దాకా ఉన్న షాట్లు. అమ్మాయి కిటికీ దగ్గర నిలబడింది. కెమెరా పట్టీల దగ్గర మొదలై, నడుము మీదుగా మెడ దాకా పైకి పోతుంది. ఆ అమ్మాయి ఏమీ చేయదు. ఎక్కడి నుంచి వచ్చిందో, అతని మీద కోపమో ప్రేమో, ఏదీ లేదు. అన్నీ మార్చిన నువ్వు ఈ ఒక్కదాన్ని ఉన్నది ఉన్నట్టే దించేశావు. ఒక ఆడపిల్లవై ఉండి నీ చేయి కూడా అట్లాగే గీసిందంటే అది ఎంత పాత అలవాటో చూడు. నీ మీద తప్పు పెట్టడం లేదు. నేను ఎడిట్ చేసిన జానపద వీడియోల్లో కూడా నడుము మీద కెమెరా ఆగిన షాట్లు కుప్పలు. అడిగినవాళ్లూ లేరు, నేను తీసేసిందీ లేదు.

కాబట్టి నా సలహా ఇది. రాత్రి వెనక్కి తెచ్చుకో. గది, ఎర్ర లైటు, స్లో మోషన్, క్లోజప్, లిప్‌సింక్ అన్నీ తెచ్చుకో. పీకాల్సింది ఆ కిటికీ ముచ్చట ఒక్కటే. అమ్మాయికి ఒక పని ఇవ్వు. పరీక్షకు చదువుకుంటుందో, నైట్ డ్యూటీకి తయారవుతుందో, ఏదైనా సరే. కెమెరా ఆమె కంటి ఎత్తులో ఉండాలి. మొదటి చరణం అయిపోయే దాకా చూసేవాళ్లు మామూలు ఆరెన్‌బీ వీడియోనే అనుకోవాలి. రెండో చరణంలో ఆమె జడ వేసుకుని, బ్యాగు తీసుకుని, లైటు ఆర్పి వెళ్లిపోవాలి. అతను చీకట్లో పాడుతూ మిగిలిపోవాలి.

అమ్మాయికి బదులు అబ్బాయి ఒంటిని అట్లాగే చూపిస్తే సరిపోతుంది కదా అంటావేమో. 2000లో డియాంజెలో అనే గాయకుడి వీడియో ఒకటి వచ్చింది. వెనకంతా నల్లటి తెర, చొక్కా లేని మనిషి ఒక్కడు, కెమెరా అతని ఒంటి చుట్టూ తిరుగుతుంది. గొప్ప పేరొచ్చింది. తర్వాత కచేరీల్లో జనం పాట వినడం మానేసి చొక్కా విప్పమని అరిచేవారు, అది అతన్ని బాగా కుంగదీసింది. చూపు మళ్లిందే తప్ప మారలేదు. ఇంకో దిక్కు టీఎల్‌సీ అనే అమ్మాయిల బృందం 1995లో ‘వాటర్‌ఫాల్స్’ వీడియో చేసింది. మెత్తటి పాట, మెరిసే గ్రాఫిక్స్, నీళ్లతో చేసినట్టు కనిపించే మనుషులు, అన్నీ ఆ కాలపు సోకులే. లోపలి కథలు మాత్రం మత్తుమందు వ్యాపారంలో పోయిన కొడుకుదీ, హెచ్ఐవీ సోకిన జంటదీ. సోకు వదలకుండా కథ మార్చారు. నీకు పనికొచ్చే దారి అది.

కారు సంగతి. పెద్ద కారు దొరకలేదని 31వ షాటు కొట్టేశావు. ఆరెన్‌బీ వీడియోల్లో కారు డబ్బు చూపించడానికి ఒక్కదానికే ఉండదు. ఇద్దరు మనుషులు ఒక చిన్న చోట, బయట లైట్లు మొహాల మీదుగా జారిపోతుంటే, మాట్లాడుకోకుండా కూర్చోవడం కోసం ఉంటుంది. ఆ పని ఆటో చేయదా? రాత్రి తొమ్మిదిన్నర తర్వాత కాజీపేట నుంచి ఫాతిమానగర్, ఎన్ఐటీ మీదుగా హన్మకొండ చౌరస్తా దాకా ఒక ఆటో మాట్లాడుకో. డ్రైవరు పక్కన కూర్చుని వెనక్కి తిరిగి తీయి. షాపుల లైట్లు వాళ్ల మొహాల మీద పడి పోతుంటాయి, ఒక్క లైటు కూడా మనం పెట్టక్కర్లేదు. కామెడీ మాత్రం చేయకు. ఆటో అనగానే నవ్వించాలని చూస్తారు మనవాళ్లు.

వరంగల్ కోట తోరణాల దగ్గరికి మాత్రం వద్దు. పురావస్తు శాఖ అనుమతి లేకుండా అక్కడ ట్రైపాడ్ పెట్టనివ్వరు. అది వచ్చినా నేను వద్దనే అంటాను. ఈ జిల్లాలో ప్రతి ప్రీ వెడ్డింగ్ షూటూ అక్కడే జరుగుతుంది. తోరణం కనపడగానే జనం లెహెంగా కోసం వెతుకుతారు.

స్లో మోషన్‌లో లిప్‌సింక్ ఎట్లా అని అడుగుతావేమో. సెకనుకు 50 ఫ్రేములు పెట్టుకో. సెట్‌లో స్పీకర్ మీద పాటను రెట్టింపు స్పీడులో పెట్టు. నీ దోస్తు ఆ స్పీడుకే పాడాలి. తర్వాత 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో సగం స్పీడుకు దించితే పెదవులు అసలు పాటతో కలుస్తాయి, జుట్టు, చేతులు మాత్రం నీళ్లలో ఉన్నట్టు కదులుతాయి. 72 బీట్ల పాట కాబట్టి 144లో పాడొచ్చు, కష్టమేమీ కాదు. రెండు రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేయమను. నోరు బాగా తెరిచి పాడమను, గొణిగితే పెదవులు కదలనట్టే ఉంటాయి. షట్టర్, అంటే ఒక్కో ఫ్రేము మీద వెలుతురు పడే సమయం, 1/100 సెకను దగ్గర కదలకుండా పెట్టు. మన కరెంటు 50 హెర్ట్జ్, పాత ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ 1/60కు పోయిందంటే వీడియో అంతా అలలు కొడుతుంది. పోయినేడు ఒక రిసెప్షన్‌లో నాకే అయింది, ఇంకా చెప్పుకోలేదు ఎవరికీ.

ఎడిటింగ్‌లో డ్రమ్ము పడ్డ చోటల్లా కట్ చేయకు. డీజే పాటలు చేసీ చేసీ నాకే ఆ జబ్బు పట్టింది. ఈ పిల్లగాడు తాళానికి ఒక వెంట్రుకవాసి వెనక పాడుతున్నాడు, నీ కట్ కూడా అట్లాగే కాస్త ఆలస్యంగా రానీ. అతను ఊపిరి తీసుకునే చోట కట్ చేసి చూడు.

కాలేజీకి ఇచ్చే ప్రాజెక్టు నోటులో ‘రూల్స్ బ్రేక్ చేశాం’ అని రాయకు. ఏ షాటులో ఏది ఉంచారు, ఎందుకు ఉంచారు, ఏ షాటులో ఏది తీశారు అని షాటు నంబరుతో రాయి. డబ్బుల్లేక మార్చింది ఉంటే డబ్బుల్లేక మార్చామనే రాయి.

వచ్చే గురువారం దాకా నాకు ముహూర్తాలున్నాయి. శుక్రవారం సాయంత్రం షాపుకు రా, 50 ఎంఎం లెన్సు, రెండు బ్యాటరీలు ఇస్తాను. పోయినసారిలాగ ఖాళీ బ్యాటరీలు తెచ్చి టేబుల్ మీద పెట్టి పారిపోకు, చార్జింగ్ పెట్టి తే. ఆటో షాటు రాత్రిపూట కాబట్టి ఆ రోజు నేనూ వస్తానని అమ్మకు చెప్పు.

మీ మామయ్య