తంబోలాలో నోటిదాకా వచ్చిన ప్రైజు

చిట్టీ,

మొన్న ఫోన్లో నీ మాటలు విని నవ్వు ఆపుకోలేకపోయాను. మీ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లతో మూడు శనివారాలు వరసగా తంబోలాకి కూర్చున్నావు, ఒక్క లైనైనా కొట్టలేదు. పోయింది అరవై రూపాయలే గానీ ఉక్రోషం మాత్రం ఆరువేలంత ఉంది. "ముప్పయ్యేళ్లుగా ఆడుతున్నావుగా పెద్దమ్మా, కిటుకేంటో చెప్పు" అన్నావు. ఇంతలో కుక్కర్ కూత పెట్టింది, మాట మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

గెలిపించే కిటుకంటూ ఏదీ లేదు. 1 నుంచి 90 దాకా బిళ్లలు సంచిలో వేసి కలిపి తీస్తారు, పిలిచిన నంబరు మన టికెట్‌లో ఉంటే కొట్టేస్తాం. అందులో మన తెలివికి పనేమీ లేదు. కలిసొచ్చే కుర్చీ, కలిసొచ్చే టికెట్ అన్నవన్నీ కబుర్లే. (నేను ఎర్ర పెన్ను తప్ప వాడను, అది వేరే సంగతి.) కానీ గెలిచి కూడా ప్రైజు పోగొట్టుకునే వాళ్లు ప్రతి ఆటలో ఒకరిద్దరుంటారు. వాళ్లలో నువ్వు చేరకుండా ఉండటానికైతే నా దగ్గర నాలుగు మాటలున్నాయి.

నా సంగతే విను. క్లబ్బులో ఒక సాయంత్రం నాకు ఫోర్ కార్నర్స్ ప్రైజుకి, అంటే నాలుగు మూలల నంబర్లకి, ఒక్కటే మిగిలింది, 83. అప్పుడే వేడివేడిగా మిర్చి బజ్జీలు వచ్చాయి. ఒకటి నోట్లో పెట్టుకున్నానో లేదో, "ఎయిట్ త్రీ, ఎయిటీ త్రీ" అన్నారు. అరుద్దామంటే నోరు కాలిపోతోంది. చెయ్యెత్తి ఊపాను. ఇంకో బజ్జీ కావాలేమో అనుకుని కుర్రాడు ప్లేటు పట్టుకొచ్చాడు. ఈలోగా తర్వాతి నంబరు పిలిచేశారు, అంతే, నాది బోగీ, అంటే చెల్లని క్లెయిమ్. తర్వాతి నంబరు నోటివెంట రాకముందే అడగాలి, ఆలస్యమైతే టికెట్ చెల్లదు. అప్పట్నుంచి ఒక్క నంబరు మిగిలిందంటే ప్లేటు ముట్టుకోను.

ఆ ఫోర్ కార్నర్స్ దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడతారు. టికెట్ నాలుగు మూలల్లో ఉన్న గళ్లనుకుంటారు. ఆ గళ్లు ఖాళీగానే ఉండొచ్చు. పై వరసలో మొదటి నంబరు, చివరి నంబరు, కింది వరసలోనూ అలాగే, అవే మూలలు. ఆట మొదలవకముందే ఆ నాలుగింటి చుట్టూ సున్నాలు చుట్టి పెట్టుకో. అప్పుడే వరసకి ఐదు చొప్పున పదిహేను నంబర్లు సరిగ్గా అచ్చయ్యాయో లేదో కూడా చూసుకో. చవక పుస్తకాల్లో ఒక్కోసారి అంకె చెరిగి 3 ఏదో 8 ఏదో తెలియదు. అలాంటిది మొదట్లోనే మార్పించుకోవాలి.

ఇక చెవుల సంగతి. ఇంగ్లీషులో పిలిస్తే థర్టీన్, థర్టీ ఒకేలా వినపడతాయి. తెలుగులో ఇరవై, అరవై ఇంకా ఘోరం, ఫ్యాను గోలలో అసలు తేడా తెలియదు. విడి అంకెలు కూడా చెప్పమని ముందే అడుగు, "ఆరు సున్నా, అరవై" అన్నట్టు. ఇంకోటి, నంబరు వినగానే టికెట్ మొత్తం వెతక్కు. తొమ్మిది నిలువు వరసలుంటాయి. మొదటిదాంట్లో 1 నుంచి 9, రెండోదాంట్లో 10 నుంచి 19, అలా వెళ్లి చివరిదాంట్లో 80 నుంచి 90 దాకా. అరవైలు కావాలంటే ఏడో వరస ఒక్కటీ చూస్తే చాలు. ఇది చేతికి అలవాటైతే మూడు టికెట్లు సులువుగా ఆడొచ్చు. నాకైతే మూడు దాటితే బుర్ర తిరుగుతుంది.

ఎక్కువ టికెట్లు కొంటే గెలుస్తామా అనడిగావు. లెక్క వేద్దాం. ముప్పై టికెట్లు, టికెట్ ఇరవై, మొత్తం ఆరొందలు. టికెట్ మొత్తం ముందు కొట్టేసినవాళ్లకి ఫుల్ హౌస్ 200, ఆ తర్వాత కొట్టినవాళ్లకి రెండో హౌస్ 100, మూడు లైన్లకీ (అడ్డ వరసలకీ) ఫోర్ కార్నర్స్‌కీ ఎర్లీ ఫైవ్‌కీ (ముందుగా ఏవైనా ఐదు నంబర్లు కొట్టినవాళ్లకి) తలా 60. నీది ఒక్క టికెట్టయితే మొదటి హౌస్‌కి ముప్పైలో ఒక వంతు అవకాశం. మూడు కొంటే అవకాశం మూడింతలు, ఖర్చూ మూడింతలే. కాబట్టి మూడు శనివారాలు ఏమీ రాకపోవడంలో వింతేమీ లేదు.

ఒక టికెట్‌లో ఐదు నంబర్లు పడటానికి సగటున 28 పిలుపులు పడుతుంది. ఒక లైనుకి 76, మొత్తం టికెట్‌కి 85. జనం ఎక్కువుంటే ఎవరికో ఒకరికి అంతకన్నా ముందే కలిసొస్తుంది కాబట్టి ఎర్లీ ఫైవ్ ఇంకా తొందరగా ఎగిరిపోతుంది. అందరూ ఇంకా కబుర్లలో ఉండగానే పోయే ప్రైజు అదే. మొదటి పది నిమిషాలు మాత్రం పక్కావిడ కోడలి గురించి ఎంత రసవత్తరంగా చెప్పినా తలూపు చాలు.

మీవాళ్లు టెంపరేచర్, బ్రేక్‌ఫాస్ట్, లంచ్, డిన్నర్ అని కూడా పెడతారన్నావు. టెంపరేచరంటే టికెట్‌లో అన్నిటికన్నా చిన్న నంబరు, పెద్ద నంబరు. మిగతావి వరసగా మొదటి, మధ్య, చివరి మూడేసి నిలువు వరసలు. ఒక్కోచోట ఒక్కో పద్ధతి ఉంటుంది గనక ఆడేముందు అడిగి తెలుసుకో. మొహమాటపడి తర్వాత పోట్లాడేకన్నా అది నయం.

కొట్టేసిన నంబరు మీద ఒక్క గీతే గియ్యి, నల్లగా పూసేయకు. సరిచూసేవాళ్లకి అంకె కనిపించాలి. చింతపిక్కలు పెడతావేమో, ఫ్యాను కింద అవి నిలుస్తాయి గానీ పిల్లలు టేబుల్‌కి తగిలితే నీ ఆట గోవిందా. అరిచేముందు ఆఖరి నంబరు నీ టికెట్‌లో ఉందో లేదో ఒక్కసారి చూసుకో. తొందరపడి తప్పు క్లెయిమ్ చేస్తే అదీ బోగీయే.

ఫోన్లో డబ్బులు కట్టి ఆడే తంబోలా లింకులేవో వస్తున్నాయన్నావు, వాటి జోలికి పోకు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది కూడా. లాక్‌డౌన్‌లో మనమంతా వీడియో కాల్‌లో ఆడుకున్నామే, అది వేరు. అప్పుడు గెలిచినవాళ్లకి నేను అరిసెలు బాకీ, మర్చిపోలేదు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు టికెట్ల పుస్తకం ఒకటి పట్టుకురా, ఇక్కడ అయిపోయాయి. డబ్బాలో 47 బిళ్ల పోతే మీ పెదనాన్న చొక్కా గుండీ మీద అంకె రాసి వేశాను. సంచిలో చెయ్యి పెడితే అది ఇట్టే తెలిసిపోతుంది. నా టికెట్‌లో 47 ఉన్న రోజునే ఆయన నన్ను పిలవనివ్వరు.

మీ పెద్దమ్మ
విశాఖపట్నం