డెవాప్స్ నేర్పించండి, ఆ లక్ష మాత్రం కట్టకండి

ప్రశ్న: మాది హన్మకొండ. నేను ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో గుమాస్తాగా చేస్తున్నాను. మా బాబు బీటెక్ సీఎస్‌ఈ పూర్తి చేశాడు, క్యాంపస్‌లో ఉద్యోగం రాలేదు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల్లో డెవాప్స్, క్లౌడ్ నేర్పిస్తామని 40 వేలు అడుగుతున్నారు. ఇంకో లక్ష ఇస్తే మూడేళ్లు ఎక్కడో పనిచేసినట్టు ఎక్స్‌పీరియన్స్ కూడా పెట్టిస్తారట. కట్టమంటారా? ఇదంతా రేపు ఏఐ చేసేస్తుందని కూడా అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, ముందు ఆ లక్ష సంగతి తేల్చేద్దాం. కట్టకండి. నిజంగా ఉద్యోగం చేసిన మనిషికి సాధారణంగా పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా జమ కనిపిస్తుంది. పేరున్న కంపెనీలు చేర్చుకునే ముందు యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్ అడిగి అదే చూస్తాయి. అబద్ధమని దొరికిపోతే ఆఫర్ వెనక్కి పోతుంది. దొరకకపోతే ఇంకా కష్టం. మూడేళ్ల అనుభవం ఉన్నవాడని టీమ్‌లో పెడతారు, ఒకరోజు రాత్రి రెండింటికి సర్వర్, అంటే కంపెనీ యాప్‌లను నడిపే కంప్యూటర్, ఆగిపోతుంది, ఫోన్ కాల్‌లో ఉన్న పదిమందీ ‘ఏమైంది చెప్పు’ అని మీవాణ్నే అడుగుతారు. అలా ఇరుక్కుని రెండు నెలలకే ఇంటికి వచ్చేసిన పిల్లలు నా దగ్గరికి వచ్చారు. వాళ్ల ముఖాలు చూశాక ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

ఇక క్లౌడ్ అంటే ఏమిటన్నది మీ మార్కెట్ లెక్కలోనే చెబుతాను. మిర్చి నిల్వ పెట్టాలంటే ప్రతి రైతూ సొంతంగా కోల్డ్ స్టోరేజీ కట్టుకోడు కదా. బస్తాకింత అని కిరాయి కడతాడు. సరుకు ఎక్కువైతే ఎక్కువ చోటు, అమ్ముడుపోతే ఖాళీ. కంపెనీలు కూడా సొంత సర్వర్లు కొనడం తగ్గించి ఇలా కిరాయికి తీసుకుంటున్నాయి. అమెజాన్ ఈ వ్యాపారం 2006లో మొదలుపెట్టింది, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లోనే తన రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) తెరిచింది. కాబట్టి ఇది నాలుగు రోజుల మోజు కాదు.

డెవాప్స్ దీని పక్కనే పుట్టిన పని. పూర్వం కోడ్ రాసేవాళ్లు ఒకవైపు, సర్వర్లు చూసేవాళ్లు ఇంకోవైపు ఉండేవారు. ఏదైనా ఆగిపోతే తప్పు మీదంటే మీదని నెట్టుకునేవారు. 2009లో బెల్జియంలోని ఘెంట్‌లో ప్యాట్రిక్ డెబ్వా అనే ఆయన ఈ రెండు వర్గాలనూ ఒకచోట కూర్చోబెట్టి సమావేశం పెట్టాడు. ఈ పేరు అక్కడి నుంచే పాకింది. రాసిన కోడ్‌ను పరీక్షించి, జనం వాడే సర్వర్ల మీదికి భద్రంగా చేర్చి, అది నడుస్తోందో లేదో కనిపెట్టుకుని ఉండడం ఈ పని.

ఏఐ తినేస్తుందా అంటే, కొంత భాగం ఇప్పటికే తిన్నది. సర్వర్లు ఎలా ఉండాలో చెప్పేందుకు గంటసేపు కూర్చుని రాసే యామల్ ఫైళ్లు, టెర్రాఫామ్ స్క్రిప్టులు ఇప్పుడు అడిగితే నిమిషంలో వస్తాయి. పెద్ద కంపెనీల్లో ప్లాట్‌ఫామ్ టీమ్‌లు రెడీమేడ్ అచ్చులు తయారుచేసి ఇస్తున్నాయి. మూడు నెలల కోర్సుల్లో ఎక్కువగా నేర్పేది సరిగ్గా ఆ భాగమే, నా అభ్యంతరం అక్కడే. మిగిలే పని వేరు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్‌డేట్‌ను ముందు కొన్ని మెషీన్ల మీద వదిలి చూసి, బాగుంటేనే అందరికీ పంపాలి అని పట్టుబట్టే మనిషి కావాలి. పాడైతే ఎక్కడ పాడైందో వెతికి పట్టుకునే మనిషి కావాలి. జీతం ఆ మనిషికే.

అందుకే డెవాప్స్ ఇంజినీర్ పోస్టుకు ఫ్రెషర్లను తీసుకోవడం తక్కువ. అది రెండో మెట్టు. మొదటి మెట్టు అప్లికేషన్ సపోర్ట్, క్లౌడ్ సపోర్ట్, లైనక్స్ అడ్మిన్ (ఎక్కువ సర్వర్లను నడిపే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను చూసుకునే పని), టెస్టింగ్ లాంటివి. నైట్ షిఫ్టులు ఉంటాయి, మొదటి జీతం తక్కువే. పెళ్లి సంబంధాల దగ్గర డెవలపర్ అంటే ఉన్న మర్యాద సపోర్ట్ అంటే ఉండదని నాకూ తెలుసు. అయినా చేరమనండి. రెండేళ్లు సర్వర్ లాగ్‌లు, అంటే సర్వర్ తనలో జరిగేదంతా రాసుకునే చిట్టాలు, చదివినవాడికి వచ్చే చూపు ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ దొరకదు. మీ దగ్గరి మడికొండలో 2020 నుంచి టెక్ మహీంద్రా, సైయెంట్ సెంటర్లు ఉన్నాయి, వాటినీ ప్రయత్నించవచ్చు. కానీ ఇంటి దగ్గరే కావాలని కూర్చుంటే కుదరదు. కాజీపేటలో హైదరాబాద్ రైలెక్కాల్సిందే.

ఏం నేర్చుకోవాలంటే, ముందు లైనక్స్. ఆ తర్వాత నెట్‌వర్కింగ్, ముఖ్యంగా డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును బట్టి దాని నంబర్ అడ్రస్ వెతికి పెట్టే ఏర్పాటు). పిల్లలు దీన్ని బోర్ అని దాటేస్తారు. 2025 అక్టోబర్ 20న అమెజాన్ క్లౌడ్ గంటల తరబడి కుంటుపడి ఎన్నో యాప్‌లు ఆగిపోయాయి. మూలం వెతికితే డీఎన్‌ఎస్ దగ్గర తేలింది. గిట్ (కోడ్‌లో మార్పుల లెక్క ఉంచేది), కొంచెం పైథాన్, డాకర్ (యాప్‌ను పెట్టెలా కట్టి ఎక్కడైనా నడిపేది), ఏదో ఒక క్లౌడ్ దాని తర్వాత. అలాంటి పెట్టెలను వందల్లో నడిపే కుబర్నెటిస్ చివర్లో చాలు, అందరూ దానితోనే మొదలుపెట్టి తికమక పడతారు. సర్టిఫికెట్ కావాలంటే రెడ్ హ్యాట్ కంపెనీ ఇచ్చే లైనక్స్ సర్టిఫికెట్ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ లాంటిది మంచిది. అందులో ఆప్షన్లకు టిక్కులు పెట్టడం ఉండదు, మెషీన్ ముందు కూర్చుని పని చేసి చూపించాలి.

క్లౌడ్ అకౌంట్ తెరిచేటప్పుడు మీ కార్డు నంబర్ అడుగుతారు. మొదట్లో ఉచిత క్రెడిట్లు ఇస్తారు గానీ, వాడాక ఆపడం మరిచిపోతే, కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మరిచిపోయినట్టే, కిరాయి ఎక్కుతూనే ఉంటుంది. మొదటి రోజే బిల్లింగ్ అలర్ట్ పెట్టుకోమనండి.

ఆ 40 వేల సంగతి మీ ఇష్టం. కట్టే ముందు బాబును తీసుకెళ్లి ఒక డెమో క్లాసులో కూర్చోబెట్టండి. చెప్పే సార్‌ను ఒక సర్వర్‌ను కావాలని పాడుచేసి బాగుచేసి చూపించమని అడగమనండి. స్లైడ్లు తిప్పుతూ దాటేస్తే లేచి వచ్చేయండి. ఆ డబ్బులో కొంత పెట్టి బాబు ల్యాప్‌టాప్ ర్యామ్ 16 జీబీకి పెంచితే, ఇంట్లోనే ఆ ల్యాప్‌టాప్ లోపలే రెండు మూడు లైనక్స్ మెషీన్లు నడుపుకుని, పాడుచేసి బాగుచేసి నేర్చుకోవచ్చు.